బడి గంట కన్నా ముందు బువ్వ

ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖం ఎరగదు. ఈ సామెత మనందరికీ తెలుసు. ఆకలి పాఠం కూడా ఎరగదు. కడుపు మాడుతున్న పిల్లకి బోర్డు మీద అక్షరం కనిపిస్తుంది. కాని అది బుర్రకెక్కదు.

మన ఊళ్ళలో ఎంతోమంది చిన్నపిల్లలు పొద్దున ఏమీ తినకుండానే బడికి పోతున్నారు. కొందరు కాసిని టీ నీళ్ళు తాగి పోతారు. కొందరికి అదీ ఉండదు. "మధ్యాహ్నం బళ్ళో అన్నం పెడతారు కదా, ఏమైందిలే" అనుకుంటాం. నిజంగా ఏమీ కాదా? ఒకసారి లెక్క వేసి చూద్దాం.

గంటల లెక్క

పల్లెల్లో పిల్లలు రాత్రి 7 గంటలకు అన్నం తింటారు అనుకుందాం. తిని పడుకుంటారు. పొద్దున లేచి ఏమీ తినకుండా బడికి పోతారు. బడిలో మధ్యాహ్నం 12 గంటల 30 నిమిషాలకు భోజనం పెడతారు అనుకుందాం.

రాత్రి 7 నుంచి అర్ధరాత్రి 12 వరకు 5 గంటలు.
అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం పన్నెండున్నర వరకు 12 గంటల 30 నిమిషాలు.
రెండూ కలిపితే 17 గంటల 30 నిమిషాలు.

అంటే ఆ పిల్ల పదిహేడున్నర గంటలు తిండి లేకుండా ఉంది. రోజుకు ఉండేవి 24 గంటలే.

పెద్దవాళ్ళం శనివారమో, ఏకాదశో ఒక్కపొద్దు ఉంటాం. అది మనం కోరి ఉండేది. ఆరేళ్ళ పిల్ల కోరకుండానే రోజూ ఒక్కపొద్దు ఉంటోంది. పైగా ఆ కడుపుతోనే ఎక్కాలు అప్పజెప్పాలి.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మనం తిన్న అన్నం, రొట్టె, జావ కడుపులో అరుగుతాయి. అరిగి చక్కెరగా మారి రక్తంలో కలుస్తాయి. ఆ చక్కెరతోనే మన కాళ్ళూ చేతులూ ఆడతాయి. మెదడు పనిచేస్తుంది. మెదడు బరువు తక్కువే. కాని మనం తిన్న తిండిలో పెద్ద వాటా అదే తీసుకుంటుంది. పెరిగే పిల్లల మెదడు ఇంకా పెద్ద వాటా అడుగుతుంది.

మన కాలేయంలో కొంత చక్కెర నిల్వ ఉంటుంది. గాదెలో గింజల మాదిరి. రాత్రి నిద్రపోయేటప్పుడు ఒళ్ళు ఆ గాదెలోంచే తీసుకుని వాడుకుంటుంది. పెద్దవాళ్ళ గాదె పెద్దది. పిల్లల గాదె చిన్నది. తెల్లవారేసరికి చాలావరకు అయిపోతుంది. పొద్దున మళ్ళీ నింపాలి. నింపకపోతే పిల్ల నీరసపడుతుంది. ఆవలిస్తుంది. చెప్పింది మరిచిపోతుంది.

అందరు పిల్లలూ ఒకలాగే తట్టుకోలేరు. జమైకా అనే దేశంలో 1980లలో ఒక పరిశోధన చేశారు. తొమ్మిది పదేళ్ళ పిల్లలకు ఒకరోజు పొద్దున తిండి పెట్టి పరీక్ష పెట్టారు. ఇంకొక రోజు పెట్టకుండా పరీక్ష పెట్టారు. బొద్దుగా, బలంగా ఉన్న పిల్లల మీద ఆ ఒక్కపూట పెద్దగా తేడా పడలేదు. చిన్నప్పటి నుంచి సరైన తిండి లేక గిడసబారిన పిల్లలు మాత్రం తినని రోజున వెనకబడ్డారు. అంటే, ముందే బక్కగా ఉన్న పిల్లకే పొద్దుటి తిండి ఎక్కువ అవసరం. ఎక్కువగా పస్తు ఉండేదీ ఆ పిల్లే.

చిట్టెమ్మ కూతురు

ఒక ఊళ్ళో చిట్టెమ్మ అనే తల్లి ఉంది అనుకుందాం. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, నాలుగో తరగతి. చిన్నోడు రెండో తరగతి. మిరప కోతల కాలం. పొద్దున ఆరింటికే కూలోళ్ళ ఆటో వస్తుంది. చిట్టెమ్మ చీకటితోనే లేస్తుంది. అన్నం వండుతుంది. తనకు సద్ది కట్టుకుని ఆటో ఎక్కుతుంది. ఆమె మొగుడు ఏడింటికి పనికి పోతాడు. పిల్లలు తొమ్మిదింటికి బడికి పోతారు.

ఒకరోజు సాయంత్రం బడి టీచరమ్మ ఇంటికి వచ్చింది.

"చిట్టెమ్మ గారూ, మీ అమ్మాయి పొద్దుట లెక్కల పీరియడ్‌లో తల వాల్చేస్తోంది. అడిగితే పలకదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక అదే లెక్క చకచకా చేస్తోంది. పొద్దున ఏం తిని వస్తోందండీ?"

"అన్నం వండి పెట్టే పోతన్నా టీచరమ్మా. దానికి చదువు మీద ధ్యాస లేదు. ఈ ఏడు చూస్తా. రాకపోతే మానిపించి నాతో పాటు కోతలకి తీసకపోతా."

"కోతల మాట తర్వాత. రేపు ఒక్క పొద్దు ఇంట్లో ఉండి చూడండి. పిల్ల ఏం తింటుందో చూడండి."

ఒకరోజు కూలి పోతుంది. అయినా చిట్టెమ్మ మర్నాడు ఆగింది.

పిల్ల లేచింది. వాకిలి ఊడ్చింది. రాత్రి అంట్లు తోమింది. కుళాయి దగ్గర రెండు బిందెలు నీళ్ళు పట్టింది. తమ్ముణ్ణి లేపి స్నానం చేయించింది. ఈలోపల తండ్రి తిని పనికి పోయాడు. గిన్నెలో రెండు పిడికిళ్ళ అన్నం మిగిలింది. పిల్ల ఆ అన్నం తమ్ముడికి కలిపి పెట్టింది. గిన్నె కడిగి బోర్లించింది. సంచి భుజాన వేసుకుంది.

"నువ్వు తినవే?" అంది చిట్టెమ్మ.

"నాకు ఆకలి లేదమ్మా."

"రోజూ ఇంతేనా?"

పిల్ల మాట్లాడలేదు. చిన్నోడే చెప్పాడు. "అక్క రోజూ తినదమ్మా. అన్నం అయిపోద్ది."

చిట్టెమ్మకు నోట మాట రాలేదు. రోజూ అన్నం వండింది తనే. అది అందరికీ సరిపోయిందో లేదో చూడటానికి ఆ టైముకు తను ఇంట్లో లేదు. బిడ్డకు చదువు రాదని బడి మానిపించబోయింది. బిడ్డకు రానిది చదువు కాదు. అందనిది అన్నం.

ఆ రాత్రి మొగుడితో చెప్పింది. అతను కాసేపు తల వంచుకున్నాడు.

"నేను తినేటప్పుడు గిన్నెలో ఎంతుందో చూళ్ళేదు" అన్నాడు. "రేపటి నుంచి నీళ్ళు నేను పడతా. పిల్లలిద్దరికీ పెట్టాకే నేను తింటా."

చిట్టెమ్మ రోజూ ఇంకో రెండు గుప్పిళ్ళ బియ్యం ఎక్కువ పోయడం మొదలుపెట్టింది. పిల్లలిద్దరి అన్నం వేరే గిన్నెలో తీసి మూత పెట్టి పోతోంది. అది పిల్లల గిన్నె. దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు.

నెల తిరిగేసరికి పిల్లకి లెక్కలన్నీ వచ్చేశాయని కాదు. కాని పొద్దుట పీరియడ్‌లో తలెత్తి కూర్చుంటోంది. అడిగితే పలుకుతోంది. కోతల మాట ఇంట్లో మళ్ళీ రాలేదు.

పిల్లలు పొద్దున ఎందుకు తినరు?

చిట్టెమ్మ ఇంట్లో ఉన్న కారణమే అన్ని ఇళ్ళలో ఉండదు. ఒక్కో ఇంట్లో ఒక్కో కారణం ఉంటుంది. మీ ఇంట్లో ఏది ఉందో చూసుకోండి.

1. తల్లి, తండ్రి చీకటితో పనికి పోతారు. పెట్టే మనిషి ఉండదు.

పిల్లల వంతు ముందే తీసి పెట్టండి. పక్కింట్లో అవ్వ ఉంటే "అవ్వా, పిల్లలు తిన్నారో లేదో ఒక కంట చూడు" అని చెప్పండి. నాలుగిళ్ళ వాళ్ళు వంతులు వేసుకోవచ్చు. ఒకరోజు ఒకరు కాస్త ఆలస్యంగా పనికి పోయి నాలుగిళ్ళ పిల్లలకూ దగ్గరుండి పెట్టొచ్చు.

2. ఆడపిల్ల ఇంటి పని అంతా చేసుకుని చివర్లో తింటుంది. చివరికి ఏమీ మిగలదు. టైము కూడా ఉండదు.

పని అందరూ పంచుకోవాలి. నీళ్ళు మోస్తే మగపిల్లాడి చేతులు అరిగిపోవు. తండ్రి చేతులూ అరిగిపోవు. పనికి ముందే ఆడపిల్లకు తిండి పెట్టాలి.

3. రాత్రి పొద్దుపోయేదాకా టీవీ, సెల్‌ఫోన్ చూస్తారు. పొద్దున ఆలస్యంగా లేస్తారు. పళ్ళు తోముకునేసరికి బడి గంట కొడుతుంది.

రాత్రి త్వరగా పడుకోబెట్టండి. నిద్ర చాలిన పిల్లకు పొద్దున ఆకలి వేస్తుంది.

4. టీ తాగి, బిస్కెట్ తిని "కడుపు నిండింది" అంటారు. దారిలో అంగట్లో అయిదు రూపాయల ప్యాకెట్ కొనుక్కుంటారు.

టీ ఆకలిని చంపుతుంది. తిండిలో ఉన్న ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తుంది. ప్యాకెట్లలో ఉప్పు, నూనె, కారం తప్ప బలమేమీ ఉండదు. ఆ అయిదు రూపాయలకు వేయించిన శనగలో, ఒక అరటిపండో వస్తుంది.

5. "ఆకలి లేదు" అంటారు. పెట్టినా తినరు.

చాలా రోజులు తినకుండా పోతే ఒళ్ళు దానికే అలవాటు పడుతుంది. రెండు ముద్దలతో మొదలుపెట్టండి. వారంలో ఆకలి తిరిగి వస్తుంది. అయినా రాకపోతే కడుపులో నులిపురుగులు ఉన్నాయేమో చూపించండి.

6. ఇంట్లో నిజంగానే ఏమీ ఉండదు.

ఇది దాచుకోవలసిన సంగతి కాదు. సిగ్గుపడవలసినదీ కాదు. సంఘంలో చెప్పండి. టీచరుకు చెప్పండి. ఇంట్లో బడికి రాని చిన్నబిడ్డలు ఉంటే అంగన్‌వాడీకి తీసుకుపోండి. రేషన్ కార్డు లేకపోతే అర్జీ పెట్టండి. అర్జీ రాయడం ఇప్పుడు మీకు వచ్చు.

ఏం పెట్టాలి?

పొద్దుటి తిండి అంటే ఇడ్లీ, దోసె, పూరీ అని చాలామంది అనుకుంటారు. "అవి రోజూ ఎక్కడ చేస్తాం?" అంటారు. అవే కావాలని లేదు. మన పెద్దవాళ్ళు తిన్నవే చాలు.

సద్దన్నం: రాత్రి మిగిలిన అన్నంలో మంచినీళ్ళు పోసి మూత పెట్టండి. పొద్దున మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ వేసి కలపండి. కడుపుకు చలవ. పొయ్యి వెలిగించే పని లేదు. ఎండాకాలంలో మాత్రం వాసన చూడండి. పాడు వాసన వచ్చినా, జిగురు వచ్చినా పిల్లలకు పెట్టవద్దు.

రొట్టె, సంకటి, గటక: జొన్నలు, రాగులు, సజ్జలు పండే చోట ఇవే మంచి తిండి. రాత్రి చేసిన జొన్నరొట్టె పొద్దున పప్పుతోనో, పల్లీల పచ్చడితోనో పెట్టవచ్చు.

అటుకులు: నీళ్ళలో తడిపి, బెల్లమో పెరుగో కలిపితే చాలు. పిల్లలే చేసుకోగలరు.

శనగలు, పల్లీలు, పెసలు: రాత్రి నానబెట్టి పొద్దున ఉడకబెట్టండి. వేయించిన పల్లీలు, బెల్లం ముక్క జేబులో వేసినా సరే. కండ పెరగడానికి ఇవి కావాలి. అన్నం ఒక్కటే తింటే కడుపు నిండుతుంది కాని కండ పెరగదు.

రాగి జావ: ఇది చిన్నపిల్లలకు చాలా మంచిది. బియ్యంలో కన్నా రాగుల్లో ఎముకలకు బలమిచ్చే కాల్షియం ఎన్నో రెట్లు ఎక్కువ.

జావ కాచే పద్ధతి ఇది.

ఒక గిన్నెలో రెండు పెద్ద చెంచాల రాగిపిండి వేయండి. అర గ్లాసు చన్నీళ్ళు పోసి ఉండలు లేకుండా కలపండి. పొయ్యి మీద రెండు గ్లాసుల నీళ్ళు మరగనివ్వండి. కలిపిన పిండిని అందులో పోస్తూ గరిటెతో తిప్పండి. సన్నటి మంట మీద పచ్చివాసన పోయేదాకా ఉడికించండి. దించి ఆరనివ్వండి. మజ్జిగ, ఉప్పు కలిపితే ఒక రుచి. పాలు, బెల్లం కలిపితే ఇంకో రుచి. ఇది ఇద్దరు చిన్నపిల్లలకు వస్తుంది.

జావ ఒక్కటే తాగితే తొందరగా అరిగిపోతుంది. దాంతో పాటు గుప్పెడు శనగలో, పల్లీలో ఇవ్వండి.

బడి భోజనం ఎలా వచ్చింది?

ఇప్పుడు మన పిల్లలు మధ్యాహ్నం బడిలో అన్నం తింటున్నారు. అది ఒక్కరోజులో వచ్చింది కాదు.

మద్రాసు నగరంలో పేద పిల్లలకు బడిలో తిండి పెట్టడం 1920లలోనే మొదలైంది. 1956లో కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మద్రాసు రాష్ట్రమంతటా బడుల్లో మధ్యాహ్న భోజనం పెట్టారు. 1982లో ఎం.జి. రామచంద్రన్ తమిళనాడులో దాన్ని పెద్ద ఎత్తున నడిపారు.

1995 ఆగస్టు 15న దేశమంతటికీ ఒక పథకం వచ్చింది. కాని అప్పట్లో చాలా రాష్ట్రాల్లో బడిలో వండి పెట్టలేదు. నెలకు 3 కిలోల చొప్పున బియ్యం ఇచ్చేవారు. ఆ బియ్యం ఇంటికి పోయేది. ఇంటిల్లిపాదీ తినేవారు. బడిలో పిల్ల ఆకలి అలాగే ఉండేది.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రభుత్వ బడుల్లో, ప్రభుత్వ సాయంతో నడిచే బడుల్లో ప్రాథమిక తరగతుల పిల్లలకు వండిన భోజనమే పెట్టాలని చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి వండిన భోజనం మొదలైంది. చాలా బడుల్లో వండే పని స్వయం సహాయక సంఘాల మహిళలకే అప్పగించారు. అంటే మీలాంటి అక్కలకే.

2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. అప్పటి నుంచి బడి భోజనం దయ కాదు. హక్కు. బడి ఉన్న ప్రతిరోజూ ప్రతి పిల్లకూ ఒక పూట భోజనం ఉచితంగా పెట్టాలి. 8వ తరగతి వరకు ఈ హక్కు ఉంది. ప్రాథమిక బడిలో ఒక్కొక్క పిల్లకు రోజుకు లెక్క ఇది.

బియ్యం 100 గ్రాములు.
పప్పు 20 గ్రాములు.
కూరగాయలు 50 గ్రాములు.
నూనె 5 గ్రాములు.

గుడ్డు ఈ లెక్క పైన రాష్ట్రం ఇచ్చేది. ఏ రోజు ఏం పెట్టాలో, గుడ్డు ఎన్ని రోజులో బడి గోడ మీద రాసి ఉండాలి. వెళ్ళి చదవండి. గోడ మీద ఉన్నదీ, కంచంలో ఉన్నదీ ఒకటేనా చూడండి. ఏదైనా కారణంతో భోజనం పెట్టకపోతే, దానికి బదులు ఆహార భద్రత భత్యం ఇవ్వాలని 2015 నిబంధనల్లో ఉంది.

పొద్దుటి తిండి సంగతి?

మధ్యాహ్నం భోజనం మధ్యాహ్నానికే. పొద్దుటి ఆకలిని అది తీర్చలేదు. ఈ సంగతి ప్రభుత్వాలకూ అర్థమవుతోంది. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానంలో పిల్లలకు పొద్దున అల్పాహారం కూడా పెట్టాలని రాశారు. తిని వచ్చిన పొద్దుటి వేళల్లోనే కష్టమైన పాఠాలు బాగా వస్తాయని కూడా రాశారు.

తమిళనాడులో 2022 సెప్టెంబరు 15న బడిలో పొద్దుటి టిఫిన్ మొదలైంది. ముందు కొన్ని బడుల్లో పెట్టారు. 2023 ఆగస్టులో ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ ఇచ్చారు. ఉప్మా, పొంగలి, కిచిడీ, సాంబారు పెడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చిలో వారానికి మూడు రోజులు బడిలో రాగి జావ ఇవ్వడం మొదలైంది. తెలంగాణలో 2023 అక్టోబరులో అల్పాహార పథకం మొదలుపెట్టారు. మీ ఊరి బడిలో ఇప్పుడు పొద్దున ఏమైనా ఇస్తున్నారా? వెళ్ళి అడగండి. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వడం లేదో అడగండి.

బడిలో కూడా తినని పిల్లలు

కొందరు పిల్లలు బడిలో పెట్టిన అన్నం కూడా తినరు. దానికీ కారణాలు ఉంటాయి. అన్నం ముద్దగా ఉందనో, చారు నీళ్ళలా ఉందనో తినరు. అలాంటప్పుడు పిల్లను తిట్టి లాభం లేదు. వెళ్ళి మీరే రుచి చూడండి. వడ్డించే ముందు టీచరు, పెద్దవాళ్ళు రుచి చూడాలని నియమం ఉంది. వండే అక్కల ఇబ్బందులు కూడా అడగండి. సరుకు సరిగా వచ్చిందా, కట్టెలకు, గ్యాసుకు డబ్బు వచ్చిందా తెలుసుకోండి.

ఇంకొక కారణం ఉంది. అది చెప్పుకోవడానికి బాధగా ఉంటుంది. "ఫలానా కులం ఆమె వండింది, తినొద్దు" అని పెద్దవాళ్ళే కొందరు పిల్లలకు చెబుతారు. కొన్ని చోట్ల పిల్లల్ని వేరువేరు బంతుల్లో కూర్చోబెడతారు. అంటరానితనం నేరం. వండే పనిలో దళితులకు, గిరిజనులకు ముందుగా అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న చెప్పింది. పొయ్యి మీద ఉడికిన మెతుక్కి కులం లేదు. ఒకే బంతిలో కూర్చుని తిన్న పిల్లలు రేపు ఊళ్ళోనూ కలిసి ఉంటారు.

రక్తం తక్కువైతే

చాలా రోజులు సరైన తిండి లేని పిల్లకు రక్తం తగ్గుతుంది. కనురెప్ప లోపల, నాలుక, గోళ్ళు తెల్లగా పాలిపోతాయి. కాస్త పరుగెత్తితే ఆయాసం వస్తుంది. కొందరు మట్టి, బలపం తింటారు. "బలపం ఎందుకు తింటావే" అని కొట్టవద్దు. ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోండి.

బడిలో వారానికి ఒకసారి ఇనుము మాత్ర ఇస్తారు. 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలకు గులాబి రంగు మాత్ర. పది దాటిన వాళ్ళకు నీలం రంగు మాత్ర. ఖాళీ కడుపుతో వేసుకుంటే వాంతి వచ్చినట్టు ఉంటుంది. అన్నం తిన్నాకే వేసుకోవాలి. మునగాకు, తోటకూర, బెల్లం, గుడ్డు, మాంసం కూడా తినాలి. అన్నంలో నిమ్మకాయ పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

నులిపురుగులు పిల్ల తిన్న తిండిని దోచుకుంటాయి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇచ్చే కార్యక్రమం ఉంటుంది. ఆ రోజుల్లో పిల్లల్ని బడి మానిపించకండి.

గుర్తుంచుకోవలసినవి

పొద్దున నీరసంగా ఉన్న పిల్లను మొద్దు అనకండి. ముందు "ఏం తిన్నావు?" అని అడగండి.

వండటంతో పని అయిపోదు. ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో చూడాలి.

పొద్దుటి తిండి తల్లి ఒక్కదాని బాధ్యత కాదు. తండ్రిది కూడా. ఊరిది కూడా. బడిది కూడా.

ఆడపిల్లకు చివరి ముద్ద కాదు. అందరితో సమాన వంతు.

పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. 2009 విద్యాహక్కు చట్టంలో ఇది ఉంది. అక్కడ కూర్చుని అడిగే హక్కు మీకు ఉంది.

కలిసి మాట్లాడుకోండి

1. చిట్టెమ్మ కూతురు "ఆకలి లేదు" అని ఎందుకు చెప్పింది?
2. గిన్నెలో అన్నం అందరికీ చాలకపోతే మీ ఇంట్లో ఎవరు తినకుండా ఉంటారు? ఎందుకు?
3. మీ వాడలో చీకటితో పనికి పోయే తల్లులు ఎంతమంది? వాళ్ళ పిల్లలకు పొద్దున ఎవరు పెడుతున్నారు? అందరూ కలిసి ఏం చేయవచ్చు?

లెక్క చేయండి

1. ఒక పిల్లాడు రాత్రి 8 గంటలకు తిన్నాడు. మర్నాడు మధ్యాహ్నం 12 గంటలకు బడిలో తిన్నాడు. మధ్యలో ఏమీ తినలేదు. ఎన్ని గంటలు పస్తు ఉన్నాడు?
2. ఒక ప్రాథమిక బడిలో ఈ రోజు 40 మంది పిల్లలు భోజనం చేశారు. ఒక్కొక్కరికి 100 గ్రాముల చొప్పున ఎన్ని కిలోల బియ్యం వండాలి? 20 గ్రాముల చొప్పున ఎంత పప్పు వేయాలి?

రాయండి

1. ఈ మాటలు చూసి రాయండి: బువ్వ, సద్దన్నం, అంబలి, గుప్పెడు, రక్తం, హక్కు, ఉత్తర్వు, భత్యం.
2. ఖాళీలు నింపండి.
బడి భోజనం దయ కాదు, అది మన ________.
టీ ________ని చంపుతుంది.
ఇనుము మాత్ర ________ తిన్నాకే వేసుకోవాలి.
3. సోమవారం నుంచి శనివారం వరకు మీ పిల్లలు పొద్దున ఏం తిన్నారో రోజూ ఒక వరుస రాయండి. ఎంతమంది పిల్లలుంటే అంతమంది పేర్లు రాయండి. తినని రోజు ఉంటే దాచకుండా అదీ రాయండి. ఆదివారం నాడు ఆ కాగితం ఇంట్లో అందరి ముందూ పైకి చదవండి.